నూరు పెండ్లిళ్ళు చూసిన కార్డు

నాకు ఆడుకోవడానికి ఒక కంప్యూటర్ కావాలని చెప్పిన రోజు, మా మామ చేతిలోని ఇడ్లీ ముక్క చట్నీ దాకా వెళ్ళి ఆగిపోయింది. పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు చెప్పడానికి అని ఒక అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఎవరూ అనుమానించేవాళ్ళు కూడా కాదు. కానీ రెండేళ్ళు సాయంత్రాలన్నీ ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న నా డబ్బుకు అబద్ధాన్ని ఎందుకు తోడు చేయాలని పౌరుషం వచ్చింది. నాకు పౌరుషం కొంచెం తొందరగానే వస్తుంది.

"ఆడుకునేకా?" అన్నాడు మామ.

"ఆడుకునేకే మామా."

"ఎవురు?"

"నేనే."

మా అత్త వంటింట్లోంచి తొంగి చూసి, "తమాషాకు అంటాందిలే, మీరు తినండి" అని లోపలికి వెళ్ళిపోయింది. మామ మాత్రం నవ్వలేదు. ఇడ్లీ ముక్క నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, "ఎంతలో?" అని అడిగాడు. వ్యాపారస్తుల ఇంట్లో ఇదే సుఖం. ఎందుకు అనే ప్రశ్న కంటే ఎంత అనే ప్రశ్న ముందు వస్తుంది.

ప్రొద్దుటూరులో మాది నగల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. నేను పుట్టింది జమ్మలమడుగులో, బట్టల అంగడి వాళ్ళ ఇంట్లో. అక్కడ చీర అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూడనిదే నమ్మరు, ఇక్కడ గీటురాయి మీద గీయనిదే నమ్మరు. అనుమానం విషయంలో నా పెళ్ళి సరైన సంబంధమే. మా ఆయనకు మాత్రం రెండూ పట్టవు. అంగడి వద్దని, కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో ఇంజనీరుగా చేరి, షిఫ్టులు చేసుకుంటూ హాయిగా ఉన్నాడు. దాంతో నలభై ఏళ్ళ వ్యాపారంలో మామ నేర్చుకున్న విద్యంతా ఇంట్లో అడిగేవాళ్ళు లేక అట్లాగే ఉండిపోయింది.

నా దగ్గర ఉన్నది అరవై వేలు. దానిలోనే అన్నీ రావాలి. కొన్నవాటిలో ఒక్కటి చెడిపోయినా రెండోసారి కొనే స్తోమత లేదు, మళ్ళీ రెండేళ్ళు ట్యూషన్లే. కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు పక్క మంచం అమ్మాయి ల్యాప్‌టాప్ మీద, ఆమె స్నానానికి వెళ్ళిన పది నిమిషాలు ఆడుకున్నదాన్ని నేను. నాదంటూ ఒక యంత్రం ఉండాలని, దాన్ని నా చేతులతో బిగించుకోవాలని అప్పటినుంచి ఆశ.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా నోటు పుస్తకం పట్టుకుని అంగట్లో మామ పక్కన కూర్చున్నాను. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, వీటన్నిటినీ పెట్టే డబ్బా, మానిటర్. ఒక్కోదాని ఎదురుగా మూడు మూడు రకాలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉన్నాయి. మామ కళ్ళజోడు సవరించుకుని ఆ పేజీని పాత నగను చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"ఇదంతా నాకు తెల్దు గాని, ఇందులో బంగారమేది, రాళ్ళేవి, బరువుకు లోపల పోసిన లక్క యాడుంది, అది చెప్పు."

నేను అప్పటికి నలభై వీడియోలు చూసి ఉన్నాను. ఇంత సూటిగా ఒక్కరూ అడగలేదు. ఆలోచించి చెప్పాను. తెర మీద బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు, అదే బంగారం. దానికి పని పురమాయించేది ప్రాసెసర్, అది మందకొడిదైతే ఎంత మంచి కార్డయినా ఊరికే కూర్చుంటుంది. అన్నిటికీ కరెంటు అందించేది పవర్ సప్లై, అది గొలుసుకు కొక్కెం లాంటిది.

"అట్లయితే కొక్కెం గట్టిది తీసుకో. గొలుసు పోయిందని ఏడ్సుకుంటా నా కాడికి వచ్చేటోళ్ళల్లో సగం మంది కొక్కెం తెగినోళ్ళే. మరి ఈ ఎర్రవి పచ్చవి దీపాలేంది?"

"ఫ్యాన్లకు, ర్యామ్‌కు లైట్లు మామా. చూసేకి బాగుంటాయి."

"వాటితో ఆట బాగా వస్తాదా?"

"రాదు."

"అంటే రాళ్ళు. తీసెయ్."

తీసేశాను. నిజం చెప్పాలంటే నాకు ఆ దీపాలంటే చచ్చేంత ఆశ. రెండు రోజులు బెంగ పెట్టుకున్నాను కూడా. కానీ ఆ మిగిలిన డబ్బుతో స్టోరేజీ రెండింతలు వచ్చింది, పవర్ సప్లై ఒక మెట్టు పైది వచ్చింది. డబ్బాకు ముందు వైపు అద్దం కాకుండా జల్లెడ ఉన్నది ఎంచుకున్నాం. ప్రొద్దుటూరు ఎండకు మనుషులకే గాలి చాలదు, యంత్రానికి అద్దాల మేడ కట్టడం ఎందుకని అది నేనే తీర్మానించాను. ఆరు కోర్ల ప్రాసెసర్, పదహారు జీబీ ర్యామ్. అన్నీ లెక్కలో పడ్డాయి, బంగారం తప్ప. నేను కోరుకున్న పన్నెండు జీబీల గ్రాఫిక్స్ కార్డు కొత్తది కొంటే మానిటర్ కొనకుండా గోడకేసి చూస్తూ ఆడుకోవాలి.

అప్పుడే ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. పులివెందులలో ఫోటో స్టూడియో ఆయన ఒకరు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కంప్యూటర్‌కు కొత్త కార్డు వేసుకుని, పాతది అమ్మకానికి పెట్టాడు. సరిగ్గా నాకు కావలసిన కార్డే.

"పాతదా?" అన్నాడు మామ. ఆయన ముఖం వెలిగింది. "అయితే నేను వస్తా. పాత సరుకు కొనేది నీకేం తెలుసు?"

తర్వాతి ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. దారిలో జమ్మలమడుగులో దిగి మా అమ్మ దగ్గర భోజనం చేశాం. సంగతి విని అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "మామను ఎంటేసుకొని ఆట సామాను కొనేకి పోతాండావా? మానం తీస్తివి కదే" అని గుసగుసగా తిట్టింది. తిడుతూనే మామ విస్తట్లో ఇంకో రెండు ఓళిగలు వేసింది. మామ ఆ రెండూ తిని, ముద్దనూరు దాటేదాకా బస్సులో గురక పెట్టి నిద్రపోయాడు. పులివెందులలో దిగేసరికి మాత్రం బేరానికి తయారుగా ఉన్నాడు.

స్టూడియో ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. మంచి మనిషి. కార్డును తన కంప్యూటర్‌లోనే పెట్టి, అరగంట సేపు నన్ను పరీక్ష చేసుకోనిచ్చాడు. నేను వేడి ఎంతకెక్కుతోంది, బొమ్మ ఎక్కడన్నా చెదురుతోందా అని చూస్తుంటే, మామ డబ్బా వెనకాల అరచెయ్యి పెట్టి, "సెగ బాగానే తోలుతాంది" అన్నాడు. తర్వాత కార్డును బయటికి తీయించి, చేతిలోకి తీసుకుని పరీక్షగా చూశాడు. ఫ్యాన్ల వెనక రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. ఆ దుమ్ములోంచి పసుపు పచ్చని అక్షింత గింజ ఒకటి బయటికి లాగి బల్ల మీద పెట్టాడు.

"ఎన్ని పెండ్లిళ్ళు చూసిందప్పా ఇది?"

స్టూడియో ఆయన నవ్వి, "కెమెరా బ్యాగులో నుంచి రాలింటాదిలే పెద్దాయనా. నూరు పెండ్లిళ్ళన్నా చూసింటాది" అన్నాడు.

"నూరు పెండ్లిళ్ళు చూసినాక తరుగు ఉండదా? పాతదానికి మజూరి లెక్కకు రాదు. తరుగు తీసి చెప్పు."

"ఇది నగ కాదు గదా పెద్దాయనా, కంప్యూటర్ కార్డు."

"పాతది పాతదే గదప్పా."

నాకు నవ్వు ఆగలేదు, గోడ మీది పెళ్ళి ఫోటోల వైపు తిరిగి నిలబడ్డాను. పద్దెనిమిది వేల దగ్గర మొదలైన బేరం రెండు కాఫీల తర్వాత పదహారున్నర దగ్గర ఆగింది. డబ్బు తీసుకుంటూ ఆయన ఒక్క మాట అన్నాడు: "ఈడ పని చేసేది మీ కండ్లారా చూసినారు. ఇంటికి పోయినంక ఏమన్నా అయితే నాకు సంబంధం ల్యా." న్యాయమైన మాటే. నేను సరేనన్నాను. తిరుగు ప్రయాణం అంతా కార్డు నా ఒళ్ళోనే ఉంది. మామకు కిటికీ సీటు ఇచ్చాను.

మర్నాడు సోమవారం. మిగతా సామాను అప్పటికే వచ్చి నా గదిలో అట్టపెట్టెల్లో ఉంది. సాయంత్రం బిగించుకుందామని స్కూల్లో ఆ రోజంతా గంటలు లెక్కపెట్టాను. నాలుగున్నరకు ఇంటికి వస్తుంటే అంగడి వెనక గదిలోంచి మామ పిలిచాడు.

"పాపా, ఒకసారి ఇట్ల రా. నీకొకటి చూపిస్తా."

ఆ గదిలోనే నగలు కడుగుతారు. ఇత్తడి పళ్ళెంలో కుంకుడు రసం, మెత్తటి కుంచె, ఆరబెట్టడానికి తట్టలో రంపపు పొట్టు. పళ్ళెం నిండా తెల్లటి నురగ. దాని పక్కన తువ్వాలు మీద నా గ్రాఫిక్స్ కార్డు పడుకుని ఉంది. ఒళ్ళంతా నీళ్ళు. రేకులు తళతళ మెరుస్తున్నాయి. దుమ్ము లేదు, మరక లేదు.

"సూడు, ఎట్లొచ్చిందో! గంట సేపు తోమినా. పుట్టిన పొద్దు కూడా ఇంత బాగా ఉండి ఉండదు."

నా నోరు ఆగలేదు.

"ఏం పని మామా ఇది? నీళ్ళల్లో ముంచినారా? కరెంటు వస్తువును ఎవరన్నా కుంకుడు రసంలో ముంచుతారా? ఇది మీ అంగట్లో గొలుసు కాదు. తెలియకపోతే ముట్టుకోకుండా ఉండాల!"

ముందు గదిలో గాజులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు తలెత్తి చూశారు. ఆ అంగట్లో నలభై ఏళ్ళలో ఆయన్ను ముట్టుకోవద్దు అన్నవాళ్ళు లేరు. ఊళ్ళో సగం మెడల్లోని నగలు ఆయన చేత్తో కడిగినవే. మామ చేతిలో కుంచె పళ్ళెం అంచున పెట్టాడు. పంచెకు చేతులు తుడుచుకున్నాడు. "చెడిపోయిందా?" అని మాత్రం అడిగాడు. నేను మేడ మీదికి వెళ్ళి మా ఆయనకు ఫోన్ చేశాను.

ఆయన మొదట నవ్వాడు. నేను ఏడుస్తున్నానని తెలిశాక నవ్వడం ఆపి, ఇంజనీరు అయ్యాడు. కరెంటు లేనప్పుడు తడిస్తే చెడిపోవాలని లేదు, తడి ఉన్నప్పుడు కరెంటు ఇస్తేనే చస్తుంది అన్నాడు. మంచి నీళ్ళతో నురగంతా పోగొట్టు, ఎండలో నేరుగా పెట్టొద్దు, నీడలో ఫ్యాను గాలికి పెట్టు, ఆదివారం దాకా దానికి కరెంటు చూపించొద్దు. ఇదీ మందుచీటీ. నేను కిందికి వచ్చి అట్లాగే కడిగి, ఆ వెనక గదిలోనే గుడ్డ మీద నిలబెట్టాను. రంపపు పొట్టులో దొర్లించేలోపే నేను రావడం ఒక్కటే అదృష్టం.

మర్నాడు స్కూల్ నుంచి వచ్చేసరికి అంగట్లో ఒక విచిత్రం కనిపించింది. ఏప్రిల్ ఎండలు. మామ కూర్చునే చోట ఎప్పుడూ తిరిగే నిలువు ఫ్యాను అక్కడ లేదు. వెనక గదిలో కార్డు ముందు నిలబడి గిరగిర తిరుగుతోంది. మామ చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, ఒక అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"ఏందప్పా, ఫ్యాను ల్యాకుండా కూర్చున్నావు?" అని అడిగాడు అంగడికి వచ్చిన ఒక మనిషి.

"లోపల పేషెంటు ఉండాది" అన్నాడు మామ.

నవ్వు వచ్చింది, కానీ నవ్వితే రాజీ పడ్డట్టవుతుందని పళ్ళు బిగబట్టుకున్నాను. కోపం వచ్చినప్పుడు నా నోరు ఎంత చురుకో, క్షమాపణ చెప్పాల్సి వచ్చినప్పుడు అంత మొద్దు. మంగళ, బుధవారాలు మేమిద్దరం అవసరానికి మించి మాట్లాడుకోలేదు. మామ అన్నం సగంలో లేచిపోతున్నాడని అత్త రెండు పూటలూ నాకు వినబడేట్టు గొణిగింది.

గురువారం సాయంత్రం కార్డును చూడడానికి వెనక గదిలోకి వెళ్ళాను. దాన్ని తిప్పి రెండో వైపు గాలికి పెడుతుంటే, మామ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"పాత బంగారం సంతోషంతో అమ్మేకి వచ్చేది శానా తక్కువ పాపా. ఆస్పత్రి అనో, కాలేజీ ఫీజు అనో తెస్తారు. మొన్న లింగాల తట్టు నుంచి ఒకాయప్ప చీనీ చెట్లు ఎండిపాయ అని పెండ్లాం గాజులు తెచ్చినాడు. అట్లాంటిది వచ్చింది వచ్చినట్లు ఇంట్లో ఆడపిల్ల చేతికి ఇయ్యగూడదు, కడిగి ఇయ్యాలని మా నాయన చెప్పినాడు. చేతికి అలవాటైపోయింది. నీకు ఇచ్చేముందు కడిగిద్దామని కడిగినా. దుమ్ముకు కాదు."

అంత చెప్పి ఆయన గల్లా పెట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఆ తిరిగే ఫ్యాను ముందే నిలబడిపోయాను. నా వస్తువు ఎవరి ఏడుపూ అంటకుండా నా చేతికి రావాలని గంట సేపు తోమిన మనిషిని, గిరాకీల ముందు చిన్నపిల్లవాడిని అదిలించినట్టు అదిలించాను. కార్డు పని చేయకపోతే రెండేళ్ళు పోతాయని అప్పటిదాకా నా భయం. ఆ సాయంత్రం నుంచి భయం మారింది. అది పని చేయకపోతే ఆయన ఇక జీవితాంతం నా ముందు తల దించుకునే తిరుగుతాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే మొదలుపెట్టాను. ప్రాసెసర్‌ను దాని గూట్లో కూర్చోబెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాను. ర్యామ్ టక్కుమని కూర్చుంది. వైర్లన్నీ ఒక పక్కకు సర్ది కట్టాను. చివరికి కార్డు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, కుంకుడుకాయ వాసన కొంచెం మిగిలి ఉంది. బిగించి, మరలు తిప్పి, మానిటర్ వైరు తగిలించి, స్విచ్ వేయబోయి ఆగిపోయాను. మేడ దిగి అంగట్లోకి వెళ్ళాను.

"మామా, పైకి రండి. మీరే స్విచ్ వేయాల."

"నేనెందుకు పాపా? ఈడ గిరాకీ ఉండారు."

అంగట్లో ఈగ కూడా లేదు. నేను కదలకుండా నిలబడేసరికి ఆయనే లేచాడు. మేడ మెట్లు ఎక్కి, నా గది గుమ్మం దగ్గర ఆగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆ చేతులు అట్లా కట్టుకుని ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి తూచుతూనో, తుడుస్తూనో ఉంటాయి.

"ఇదే మామా, ఈ గుండ్రటిది నొక్కాల."

"ముట్టుకోవచ్చునా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. దానికంటే ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

"మీరు ముట్టుకోకపోతే ఈ పొద్దు దీన్ని తెరిచేది లేదు."

కాలిన పెనాన్ని తాకినట్టు ఒక్క వేలితో నొక్కి, వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఫ్యాన్లు గిర్రుమన్నాయి. తెర నల్లగానే ఉంది. కొత్త బోర్డు మొదటిసారి లేవడానికి కొంచెం సేపు పడుతుందని నాకు తెలుసు. మామకు తెలియదు. ఇద్దరం ఆ నలుపులోకి చూస్తూ నిలబడ్డాం. మామ పెదవులు ఏదో జపిస్తున్నట్టు కదిలాయి. ఉన్నట్టుండి తెల్లటి అక్షరాలు వచ్చాయి. కార్డు పేరు, పన్నెండు జీబీలు, అన్నీ ఉన్నాయి.

నేను వేసిన కేకకు అత్త గరిటె పట్టుకుని పరుగెత్తి వచ్చింది. సాయంత్రం నాలుగు దాకా సాఫ్ట్‌వేర్లు ఎక్కించి, ఒక ఆట తెరిచాను. కొండలు, చెట్లు, వాటి మీద జోరుగా వాన. ఒక్కో చినుకూ విడివిడిగా కనిపిస్తోంది. మామ కుర్చీ జరుపుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇంగా తడి ఆరలేదే పాపా" అన్నాడు.

అప్పుడు నవ్వాం ఇద్దరం, వారం రోజుల నవ్వు ఒకేసారి. ఆ నవ్వులోనే నాకు ధైర్యం వచ్చింది.

"తప్పయింది మామా. ఆ పొద్దు అందరి ముందర ఆ మాట అనకుండా ఉండాల్సింది."

ఆయన తెర మీద వానను చూస్తూనే చెప్పాడు. "ఆ మాట ఆ పొద్దే పాయలే. నా కొడుకు అంగడి వద్దని పోయినాక, ఇంట్లో నన్ను ఇది కొనాలా, అది కొనాలా అని అడిగింది నువ్వొక్కదానివే. ఇంగ మల్లెప్పుడూ ఏమీ అడగవేమో అని భయపడితి."

నేను చుట్టూ చూశాను. నేను కూర్చున్నది వంటింటి స్టూలు.

"మామా, నాకు కుర్చీ కావాల. ఎంతసేపు కూర్చున్నా నడుము నొప్పి రాగూడదు. ఇనుముదా, చెక్కదా, ఎట్లాంటిది చూడాలో నాకేం తెల్దు."

మామ స్టూలును ఒక కాలితో అటూ ఇటూ కదిపి చూసి, పెదవి విరిచి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "ఫోన్లో బొమ్మ చూసి కుర్చీ కొంటారా యాడన్నా? కూర్చోని చూడాల. లెయ్, రెండంగళ్ళు తిరిగొస్తాం" అని చెప్పుల కోసం మెట్లు దిగాడు. పదేళ్ళుగా ఆశపడిన ఆటను ఐదు నిమిషాలు కూడా ఆడకుండానే కంప్యూటర్ ఆపి, నేనూ ఆయన వెనకాల బయల్దేరాను.